ఘోరకేసరి గారి ఏడు వర్ధంతులు

బొబ్బర్లపాడులో ఆదివారం పది దాటాక గడియారం ఆగిపోతే సోమవారం దాకా ఆగి ఉండాల్సిందే. గడియారాల నూకరాజు కొట్టు షట్టరు దించేసి, గుడ్డసంచీ చంకన పెట్టుకుని, శాఖా గ్రంథాలయానికి వెళ్ళిపోతాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆదివారం నాడు బావమరిది పెళ్ళి వస్తే, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేశాడు. ఆ సంగతి అత్తవారింట్లో ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

గ్రంథాలయం వెనక హాల్లో పదకొండు మంది కలుస్తారు. అందులో నూకరాజు ఒకడు, టైలర్ మస్తాన్ వలీ ఇంకొకడు. తక్కిన తొమ్మిది మందీ కూడా మర్యాదస్తులే, ఆ రెండు గంటలు తప్ప. ఆ రెండు గంటల్లో మాత్రం ఒకరి గొంతు ఒకరు పట్టుకునేదాకా వస్తారు. అంతా ఒక్క ఘోరకేసరి గురించే.

ఘోరకేసరి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. నలభై ఏళ్ళ కిందట ‘చిచ్చుబుడ్డి’ అని బొమ్మల కథల పక్షపత్రిక ఒకటి వచ్చేది. అందులో దుర్మార్గుడు ఇతను. అసలు పేరు ఉలవల పురుషోత్తం. ముక్కుపొడుం ఫ్యాక్టరీలో కెమిస్టుగా బుద్ధిగా పనిచేసుకునేవాడు. ఓ రోజు బాయిలరు పేలి, సగం మొహం పచ్చబడి, బుద్ధి పూర్తిగా పాడైంది. సింహం ముసుగు తగిలించుకుని ‘మహానస్యం’ అనే పొడి కనిపెట్టాడు. చిటికెడు గాల్లోకి వదిలితే ఊరు ఊరంతా తుమ్ముతుంది. తుమ్మేటప్పుడు కళ్ళు మూసుకోనివాడు లేడు గదా, ఆ సందులో బ్యాంకు ఖాళీ. మూడుసార్లు నవ్వుతాడు, నాలుగోసారి నవ్వడు. పిల్లిని చూస్తే కాళ్ళు చల్లబడతాయి. మంగళవారం దోపిడీ చెయ్యడు. పత్రికలో వజ్రవీర్ అని హీరో కూడా ఒకడుండేవాడు, ఎంతసేపూ న్యాయం, ధర్మం అనేవాడు. తొమ్మిదేళ్ళలో అతని మీద ఒకే ఒక్కసారి చర్చ జరిగింది, పావుగంటలో అందరికీ ఆవులింతలు వచ్చాయి.

పాత పేపర్ల కొట్ల చుట్టూ ముప్పై ఏళ్ళు తిరిగి, ఆ పత్రికలు నూటపదిహేడూ పోగుచేసినవాడు నూకరాజే. ఎనభై ఎనిమిదో సంచిక మిరపకాయ బజ్జీల బండి మీద దొరికింది. అందులో రెండు పేజీలు ఇప్పటికీ సెనగపిండి వాసన వేస్తాయి. ఇల్లు కురవడం మొదలెట్టాక మొత్తం సెట్టు గ్రంథాలయానికి ఇచ్చేశాడు. లైబ్రేరియన్ వరాలు గారు దానికో గాజు బీరువా కేటాయించి, తాళం తన కొంగుకే కట్టుకుంది. ప్రపంచంలో ఇంకెక్కడా ఆ సెట్టు పూర్తిగా లేదని వాళ్ళ నమ్మకం. చివరి సంచికలో ఘోరకేసరి అగ్నిపర్వతంలో పడిపోయాడు, పత్రికా అక్కడితోనే మూతపడింది. నూటపద్దెనిమిదో సంచిక కోసం చిన్నప్పుడు నూకరాజు ఏడాది పాటు పేపర్ల కొట్టు మెట్లెక్కి దిగాడు. ఆ బాధ మళ్ళీ రేగుతుందని సంఘంలో నూటపదిహేడు ఎవరూ తెరవరు. అది రాయని నియమం.

రాసుకున్న నియమం ఇంకొకటుంది. ఏ మాటైనా సరే, సంచిక, పేజీ చెప్పకుండా అంటే చెల్లదు.

"మనిషి చెడ్డోడే కానీ మనసు వెన్నరా," అంటాడు మస్తాన్.

"సంచిక? పేజీ?" అంటాడు నూకరాజు.

"నలభై ఒకటి, పేజీ ఆరు. కోటగోడ మీద చిలక్కి జామపండు పెట్టాడు. ఎవరు పెట్టమన్నారు? ఎవడైనా చూస్తున్నాడా?"

"ఒరే, ఆ చిలక ఖజానా తాళం మాట పలుకుతుందని పెట్టాడ్రా!"

"తాళం మాట సంగతి నలభై రెండులో గదా తెలిసింది. నలభై ఒకట్లో ఆడికేం తెలుసు?"

ఈ చిలక గొడవ ఏడేళ్ళుగా తెగలేదు. నూకరాజు మాత్రం ప్రతి ఆదివారం గొడవంతా రిజిస్టర్లో ఎక్కించేవాడు. ఎందుకంటే హాలు వాడుకునేవాళ్ళు ‘చర్చాంశము, ఆధారములు, తీర్మానములు’ నమోదు చేయాలని గోడ మీద బోర్డుంది. ‘శ్రీ ఘోరకేసరి గారి స్వభావములో కరుణ కలదా అను అంశముపై చర్చించడమైనది. ఆధారము: సంచిక 41, పేజీ 6. తీర్మానము: వాయిదా.’ బోర్డు భాష చూసి చూసి అతనికీ అదే అబ్బింది. బొమ్మల కథ అని రాయాల్సిన కాలమ్ లేదు గనక అది మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆ రిజిస్టర్లోనే ఇంకో తీర్మానం ఉంది. యాభై ఆరో సంచికలో ఘోరకేసరి రైల్లో పారిపోతూ ఓ చిన్న స్టేషన్లో దిగుతాడు. స్టేషన్ బోర్డుకు పొగ అడ్డం వచ్చి మొదటి అక్షరం ‘బొ’, చివర ‘పాడు’ మాత్రమే కనిపిస్తాయి. అది మన బొబ్బర్లపాడే అని ఏడుగురు, కాదని నలుగురు. మెజారిటీ నిర్ణయం మేరకు ఆయన మన ఊళ్ళో మూడు సంచికలు నివసించినట్టు తేలింది.

ఇలా ఎవరి పిచ్చి వాళ్ళకు ఆనందంగా ఉన్న రోజుల్లో ప్రభుత్వానికి ఓ మంచి ఆలోచన వచ్చింది.

‘మరుగునపడ్డ మాణిక్యం’ అని పథకం. ప్రతి మున్సిపాలిటీ తన ఊరి మట్టి తొక్కిన, లోకం మరచిన, కీర్తిశేషుడైన మహనీయుణ్ణి ఒకరిని కనిపెట్టాలి. జీవితచరిత్ర రాయాలి, విగ్రహం పెట్టాలి, వర్ధంతి జరపాలి. మార్చి నెలాఖరులోగా కనిపెట్టని కమిషనర్లు తమ మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలియజేయాలి.

బొబ్బర్లపాడు కమిషనరు చక్రధరం గారు గుండె పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏ ఫైలూ చదివిన పాపాన పోలేదు. ఫైలు వస్తే అరచేతిలో పెట్టుకుని తూస్తాడు. బరువుగా ఉంటే ఆమోదిస్తాడు, తేలిగ్గా ఉంటే తిప్పి పంపుతాడు. "చదివితే సంతకం పెట్టబుద్ధి కాదయ్యా," అని కొత్తగా చేరిన గుమస్తాలకు ఉపదేశం చేస్తుంటాడు. అలాంటి మనిషికి ఇప్పుడు మహనీయుడు కావాలి.

ఊళ్ళో లేకపోలేదు. సత్రం కట్టించినాయన పేరు అనుకోగానే, బావి తవ్వించినాయన మనుషులు ధర్నా చేశారు. శతకం రాసినాయన పేరు బయటికి రాగానే రెండు కులసంఘాలు మావాడంటే మావాడని, మూడో సంఘం వాడెవడని, ఆఫీసు ముందు టెంట్లు వేశాయి. మార్చి ఇరవై రెండొచ్చింది. సరిగ్గా ఆ రోజే గ్రంథాలయం నుంచి హాలు వాడకం నివేదిక వచ్చింది, జతగా తొమ్మిదేళ్ళ రిజిస్టరు. చక్రధరం గారు చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి కిందికి దిగింది. ఆయన మొహం వెలిగింది.

మూడోనాడు నూకరాజుకి కబురొచ్చింది.

"రండి రండి. తమవంటి పరిశోధకులు ఉండబట్టే జాతి మేల్కొంటోంది," అన్నాడు చక్రధరం గారు కుర్చీలోంచి సగం లేచి. "శ్రీ ఘోరకేసరి గారిపై నాలుగు వందల అరవై ఎనిమిది సదస్సులు! మన ఊళ్ళో ఇంతటి మహనీయుడు తిరిగాడని నాకు ఇన్నాళ్ళూ తెలియదు చూశారా."

"అది బొమ్మల కథండీ," అన్నాడు నూకరాజు.

"సచిత్ర గ్రంథం. మరీ మంచిది."

"అలాక్కాదండి. ఆయన అసలు పుట్టలేదండి."

"జనన ధ్రువీకరణ పత్రం లేదంటారు. ఆ రోజుల్లో ఎవరికుందండీ? మా నాన్నగారికీ లేదు."

"కల్పనండి బాబూ! ఎవరో కూచుని గీశారండి."

"చిత్తరువు గీయించుకోని మహనీయుణ్ణి ఒక్కణ్ణి చూపించండి చూద్దాం."

నూకరాజు ఆఖరి అస్త్రం తీశాడు. "దొంగండి ఆయన. పచ్చి దుర్మార్గుడండి."

చక్రధరం గారు తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించాడు. "నూకరాజు గారూ, ప్రతిపాదన నిన్ననే పంపేశాను. పైకెళ్ళిన ఫైలు కిందికి దిగాలంటే నేను పైకి పోవాలి. అదీగాక ఏడో కాలమ్ చూడండి."

ఏడో కాలమ్ కులం. ‘ముసుగు కారణముగా తెలియరాలేదు’ అని ఉంది. ఆ ఒక్క ముక్కతో ఊరంతా చల్లబడింది. టెంట్లు లేచిపోయాయి. లోలోపల మాత్రం ప్రతి సంఘమూ ఆయన మావాడే అయ్యుంటాడని, పోలికలు తెలుస్తున్నాయని అనుకుంది.

వారం తిరక్కుండా ఆమోదం వచ్చింది. జీవితచరిత్ర ఉపసంఘం కూర్చుంది. కమిషనరు అధ్యక్షుడు, నూకరాజు, మస్తాన్ విషయ నిపుణులు, ఓ మూల గుమస్తా. నిపుణులు చెప్పడం, అధ్యక్షులు అనుగ్రహించడం, గుమస్తా రాయడం.

"ముప్పై రెండో సంచికండి, పేజీ ఏడు," అన్నాడు నూకరాజు. "ఆనకట్ట బద్దలుకొట్టి రాజధానిని నీట ముంచాడు."

"రాసుకోవయ్యా. ‘నీటిని ప్రతి ఇంటి గడపకూ చేర్చిన భగీరథుడు.’"

"పంతొమ్మిది, పేజీ నాలుగు. ఒక్క పూటలో నాలుగు బ్యాంకులు దోచాడండి."

"‘బ్యాంకుల్లో మగ్గిపోతున్న ధనాన్ని చలామణిలోకి తెచ్చిన ఆర్థికవేత్త.’"

"ఊరందరి చేతా మూడ్రోజులు తుమ్మించాడండి."

"ప్రజారోగ్యం. ‘శ్వాసకోశ ప్రక్షాళనకు దేశవాళీ చికిత్స.’ తర్వాత?"

"పిల్లులంటే భయమండి."

"‘మూగజీవాల జోలికి పోని అహింసామూర్తి.’"

"మంగళవారం దోపిడీ చెయ్యడండి."

"‘నియమనిష్ఠలు.’"

మస్తాన్ ఇంక ఆగలేకపోయాడు. ఏడేళ్ళ కోరిక తీరే వేళ వచ్చిందనుకున్నాడు. "సార్, చిలక్కి జామపండు పెట్టాడండి. నలభై ఒకటి, పేజీ ఆరు. అది రాయించండి సార్."

చక్రధరం గారు కాస్త ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "అదక్కర్లేదులెండి. మహనీయుడి స్థాయికి మరీ చిన్న విషయం."

ఘోరకేసరి జీవితంలో మంచి అనదగ్గది అదొక్కటే. జీవితచరిత్రలో చోటు దొరకనిదీ అదొక్కటే. మస్తాన్ ఆ సాయంత్రం కొలతలు తప్పి ఎవరిదో లాల్చీకి పొట్టి చేతులు కుట్టాడు.

మరణం దగ్గర చిక్కొచ్చింది. ఆయన ఏడుసార్లు పోయాడు. ఓసారి సముద్రంలో, ఓసారి మంటల్లో, ఓసారి రైలు కింద, ఇలా. అందులో ఏది అసలు వర్ధంతి? గుమస్తా ఒకటి ఎంచుకుందామన్నాడు. అది ఎలా తెలిసిందో ఉద్యోగుల సంఘం ఊరేగింపుగా వచ్చింది. మహనీయుడి ఆరు మరణాలను తొక్కిపెట్టే హక్కు ఎవరికీ లేదని, ఏడింటికీ సెలవిచ్చి తీరాలని నినాదాలు చేసింది. చక్రధరం గారు కరిగిపోయాడు. ఏడు వర్ధంతులు ఖాయమయ్యాయి. మొదటిది ఏప్రిల్ ఇరవై ఏడు, సముద్రంలో పోయిన రోజు. విగ్రహావిష్కరణ అప్పుడే.

నిజం చెప్పాలంటే ఆ నెల రోజులూ నూకరాజుకి నేల మీద కాళ్ళు ఆనలేదు. తప్పని తెలుసు. అయినా సంతోషం ఆగలేదు. బళ్ళో పిల్లలు అట్ట సింహం ముసుగులు పెట్టుకుని వీధుల్లో మూడుసార్లు నవ్వుతున్నారు. కొట్టుకి ఎవరెవరో వచ్చి, బాగున్న గడియారాలు కూడా చూపించి పోతున్నారు. అతనికి, మస్తాన్‌కి చెరో శాలువా కప్పి ‘ఘోరకేసరీయ విద్వాన్’ అన్నారు. విస్తరి సంగతి మర్చిపోని అత్తవారు అరిసెలు పట్టుకుని వచ్చి, అల్లుడు మొదట్నుంచీ చదువుకునే రకమని చెప్పిపోయారు. మనిషన్నవాడు ఇంతకంటే ఏం కోరతాడు?

కొంప ముంచింది వ్యాసరచన పోటీ. ‘మా ఊరి మాణిక్యం’ అని అంశమిచ్చారు. రెండు వందల మంది పిల్లలు గ్రంథాలయం ముందు వరస కట్టారు. వరాలు గారు పొంగిపోయి బీరువా తెరిచింది. పిల్లలు ఒళ్ళు మరిచి చదివి, చదివింది చదివినట్టు రాశారు. ‘ఘోరకేసరి గారు నాలుగు బ్యాంకులు దోచిరి (సంచిక 19, పేజీ 4). ఆనకట్ట పేల్చిరి (సంచిక 32, పేజీ 7).’ రెండు వందల వ్యాసాలూ ఇదే తీరు. దిద్దిన మాస్టార్లు హడలిపోయి వ్యాసాలు కట్టకట్టి కమిషనరుకి పంపారు. కట్ట బరువుగానే ఉంది గానీ, పైన ఎర్రసిరాతో ‘అత్యవసరం’ అని ఉండేసరికి చక్రధరం గారు మాస్టార్ల చేత చదివించుకుని విన్నాడు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ‘మహనీయుని వ్యక్తిత్వమును కించపరచు ప్రచురణలు నూటపదిహేడు శాఖా గ్రంథాలయములో గుర్తించడమైనది. వాటిని ఆవిష్కరణకు ముందుగా స్వాధీనపరచుకొని, గుజ్జు చేయు నిమిత్తము కాగితపు మిల్లుకు తరలించవలెను. సదరు మహనీయుని గురించి తొమ్మిదేళ్ళుగా దుష్ప్రచారము సాగించుచున్న పదకొండు మంది సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

పదకొండు మందిలో ఇద్దరు విద్వాంసులు కూడా ఉన్నారు. ఎవరి శాలువా వాళ్ళ దగ్గరే ఉంది.

నూకరాజు పరుగున వెళ్ళాడు. "సార్, ఆ పుస్తకాల్లోంచే గదండీ ఆయన పుట్టింది! అవి పోతే ఆయనెక్కడుంటాడండి?"

"విగ్రహంలో ఉంటారు," అన్నాడు చక్రధరం గారు శాంతంగా. "ఆవేశపడకండి. మహనీయుడన్నాక కొన్ని వదులుకోవాలి. చరిత్ర ఉండగా ఇంక జరిగింది ఎందుకండీ?"

ఏప్రిల్ ఇరవై ఆరు మధ్యాహ్నం బీరువా ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు. సాయంత్రం ఐదింటికి మిల్లు ఆటో వస్తుంది. గ్రంథాలయాల పద్ధతి ప్రకారం పుస్తకం ఊరికే బయటికి పోకూడదు. తొలగింపు రిజిస్టరు రాయాలి. సంఖ్య, పేజీలు, అట్ట స్థితి. పేజీలు చిరగలేదని రుజువుగా ఆఖరి కాలమ్‌లో ‘చివరి బొమ్మ, చివరి మాట’. వరాలు గారు కళ్ళు తుడుచుకుంటూ రాస్తోంది. మస్తాన్ అందిస్తున్నాడు. నూకరాజు చదువుతున్నాడు.

ఎనభై ఎనిమిదో సంచిక చేతికొచ్చేసరికి నూకరాజు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సెనగపిండి వాసన ఇంకా ఉంది. అంతే, యాభై నాలుగేళ్ళ మనిషి భోరుమన్నాడు. శాలువాకి ఆశపడి చేజేతులా తగలేసుకున్నానే అని ఏడ్చాడు. మస్తాన్ తిట్టబోయి, తనూ ఏడ్చాడు. ఏడుపు మధ్య పని మాత్రం ఆగలేదు, కాలమ్ తరవాత కాలమ్ నిండింది. నాలుగున్నరకి చివరి సంచిక మిగిలింది. నలభై ఏళ్ళుగా తను తెరవని నూటపదిహేడు.

"తియ్యకురా," అన్నాడు మస్తాన్.

"కాలమ్ ఖాళీగా ఉంటే నాకు మెమో ఇస్తారు నాయనా," అంది వరాలు గారు.

నూకరాజు ముప్పై రెండో పేజీ తెరిచాడు. అగ్నిపర్వతం. పొగ. సింహం ముసుగు కిందికి జారిపోతోంది. చిన్నప్పుడు ఈ ముసుగు చూడగానే కళ్ళు నిండిపోయి పుస్తకం మూసేశాడు. ఇప్పుడు గడియారాల భూతద్దం కంటికి తగిలించుకుని చూశాడు. మూలన, బండరాయి అంచున, అయిదు వేళ్ళు. ఒక వేలికి ఘోరకేసరి ఎప్పుడూ పెట్టుకునే పాము ఉంగరం. అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ కింద చిన్న అక్షరాల్లో ‘సశేషం’.

"మస్తానూ," అన్నాడు నూకరాజు. "ఒరే, ఈడు చావలేదురా!"

ఇద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా మున్సిపల్ ఆఫీసుకి పరుగెత్తారు. అక్కడ చక్రధరం గారు రేపటి ఉపన్యాసం అద్దంలో చూసుకుంటూ వల్లిస్తున్నాడు. పక్కన లా ఆఫీసరు కాఫీ తాగుతున్నాడు.

"సార్, పథకం రెండో నిబంధన ఏవిటండి?" అన్నాడు నూకరాజు రొప్పుతూ.

లా ఆఫీసరుకి కంఠతా వచ్చు. "‘మహనీయుడు కీర్తిశేషుడై యుండవలెను. సజీవుల విగ్రహములు నెలకొల్పిన అధికారులు బాధ్యులగుదురు.’ ఎందుకు?"

"ఆయన బతికే ఉన్నాడండి. సంచిక నూటపదిహేడు, పేజీ ముప్పై రెండు."

చక్రధరం గారు నవ్వాడు. "ఏడుసార్లు పోయాడని మీరే గదయ్యా రాయించారు."

"ఆరుసార్లు పోయి ఆరుసార్లు వచ్చాడండి. ఏడోసారి అసలు పోనే లేదు. వేళ్ళు చూడండి. పాము ఉంగరం చూడండి. ఇంకా కథ ఉందని కిందనే అచ్చేశారు."

లా ఆఫీసరు భూతద్దం అడిగి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. కాఫీ చల్లారిపోయింది. "సార్, చనిపోయినట్టు మన దగ్గర వేరే ఆధారం ఏమైనా ఉందా?"

"విగ్రహం ఉంది," అన్నాడు చక్రధరం గారు నీరసంగా.

"అది చాలదు సార్. పైగా ఇంకో ప్రమాదం ఉంది. పోయినవాడయితే ఏం చేసినా చరిత్ర. బతికున్నవాడయితే అది నేరం. నాలుగు బ్యాంకులు, ఒక ఆనకట్ట, ఊరందరి మీదా విషప్రయోగం. ఇవన్నీ తెలిసి తమరు ముద్దాయికి సన్మానం తలపెట్టారు. ఆశ్రయమిచ్చిన నేరం కిందికి వస్తుంది."

చక్రధరం గారు కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. "నేనేం చదవలేదయ్యా! నాకేమీ తెలియదు!"

"ఇంకో మాట సార్," అన్నాడు నూకరాజు వినయంగా. "అయిదింటికి మిల్లు ఆటో వస్తుందండి. సాక్ష్యాలన్నీ ఆ పుస్తకాల్లోనే ఉన్నాయి మరి."

"సాక్ష్యాలు తారుమారు చేయడం," అన్నాడు లా ఆఫీసరు, "ఇంకా పెద్ద నేరం."

గోడ గడియారం ఐదుకి మూడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి చక్రధరం గారు స్వయంగా ఆటోకి అడ్డంగా పరుగెత్తాడు. ఆ మున్సిపల్ గడియారం నాలుగు నిమిషాలు వెనకబడి నడుస్తుందని ఒక్క నూకరాజుకే తెలుసు. అతను ముందే వెళ్ళి ఆటో తాళంచెవి లాగేసుకున్నాడు.

మర్నాటి పత్రికలో ఆవిష్కరణ వార్తకు బదులు పరారీ ప్రకటన వచ్చింది. ‘ఉలవల పురుషోత్తం ఉరఫ్ ఘోరకేసరి, ఎడమ చెంప పచ్చరంగు, మూడుసార్లు నవ్వును. ఆచూకీ తెలిసినవారు తెలుపగలరు.’ ఉద్యోగుల సంఘం ఏడు సెలవులు పోయాయని ఒకరోజు సమ్మె చేసి, ఆ రోజుకి సెలవు అడిగింది. దిక్కులేని విగ్రహాన్ని పోలీస్ స్టేషన్ ఆవరణలో నిలబెట్టారు. స్టేషన్ పిల్లి దాని పాదాల మీదే పడుకుంటోంది. ఘోరకేసరిని ఎరిగినవాళ్ళకు ఆ దృశ్యం చూస్తే జాలేస్తుంది.

నూటపదిహేడు సంచికలూ కేసు వస్తువులయ్యాయి. శాశ్వతంగా భద్రపరచాలి, ఒక్క పేజీ చిరగరాదు, బీరువాకి ఇంకో తాళం వెయ్యాలి, కురవని గదిలో ఉంచాలి. ఇవేవీ తొమ్మిదేళ్ళుగా అర్జీలు పెట్టుకున్నా జరగలేదు. కేసుకి సాక్షులు పదకొండు మంది. సాక్షులు ఘటనలు మర్చిపోకుండా ప్రతి ఆదివారం పది గంటలకు హాజరై, సాక్ష్యాధారాలను చదివి, సంతకం పెట్టి పోవాలి. కాపలాకి కానిస్టేబుల్ సత్తిబాబుని వేశారు. మొదటి వారం గుమ్మం బయట నిలబడ్డాడు. రెండో వారం గుమ్మంలో నిలబడ్డాడు. మూడో వారం కుర్చీ లాక్కుని, "అవునండీ, మంగళారం ఎందుకు దోచడంటారు?" అన్నాడు. పన్నెండో సాక్షి అయ్యాడు.

జూన్లో ఒక ఆదివారం వాన పడుతోంది. చిలక గొడవ మంచి పట్టులో ఉంది. గుమ్మంలో గొడుగు ముడుస్తూ చక్రధరం గారు కనిపించాడు. బదిలీ ఉత్తర్వు వచ్చిందట, రేపే ప్రయాణం. తనిఖీకి వచ్చానని చెప్పి, ఎవరూ కుర్చీ చూపించకపోయినా వెనక బల్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు ఒకరి తరవాత ఒకరి మొహం చూస్తూ విన్నాడు. చివరికి ఉండబట్టలేక గొంతు సవరించుకున్నాడు.

"నా ఉద్దేశం అడిగితే, ఆ చిలక విషయంలో మస్తాన్ గారు అన్నదే నిజమనిపిస్తోంది. ఎంతైనా మనసున్న మనిషి."

మస్తాన్ కళ్ళు మెరిశాయి. నూకరాజు రిజిస్టర్లోంచి తలెత్తలేదు. కలం పట్టుకునే అడిగాడు.

"సంచిక? పేజీ?"

చక్రధరం గారు పక్కకి చూశాడు. సంజాయిషీకి ఎప్పుడూ ఎవరో ఒక గుమస్తా పక్కనుండేవాడు. ఇప్పుడు ఎవరూ లేరు. వరాలు గారు కొంగు తాళంతో బీరువా తెరిచి, నలభై ఒకటో సంచిక తీసి ఆయన చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ అరచేతిలో పెట్టుకుని తూచాడు. ముప్పై రెండు పేజీల పాత కాగితం, బరువేముంటుంది. అందరూ చూస్తున్నారు. ఇంక చేసేది లేక అట్ట తిప్పాడు.

మొదట కళ్ళతో చదివాడు. తరవాత పెదాలు కదిపాడు. ఆరో పేజీ దగ్గర వేలు ఆనించి ఆగాడు. ఆ పేజీ దాటి ఇంకా ముందుకెళ్ళాడు. ఒకచోట పకాలున నవ్వి, చుట్టూ చూసి, సర్దుకున్నాడు. పన్నెండున్నర అయింది. సాక్షులు సంతకాలు పెట్టి, గొడుగులు తీసుకుని లేచారు. సత్తిబాబు తాళం పట్టుకుని నిలబడ్డాడు.

చక్రధరం గారు ఆఖరి పేజీ మీంచి తలెత్తాడు. కమిషనరు గొంతు కాదది.

"నూకరాజు గారూ, నలభై రెండు ఇటివ్వరూ?"